సెరామిక్ ముక్కలో కనపడని రంధ్రాన్ని పాజిట్రాన్‌తో కొలవడం ఎలా

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది తెలియకే చాలామంది తప్పుదారి పడతారు, మొదట్లో నేనూ పడ్డాను. పాజిట్రాన్ యంత్రం మీకు రంధ్రం సైజు చెప్పదు. అది చెప్పేది సమయం ఒక్కటే: కణం పుట్టినప్పటి నుంచి మాయమయ్యేదాకా ఎన్ని నానోసెకన్లు బతికింది అని. ఆ సమయం నుంచి రంధ్రం దాకా దారి మనమే వేసుకోవాలి, పైగా అందులో సగం పని యంత్రం దగ్గరకు వెళ్ళకముందే, మన ల్యాబ్‌లో ఓవెన్ పక్కన, తేమ తగలకుండా ఉంచే డెసికేటర్ పక్కన జరిగిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం లాంటి సముద్రపు గాలి తగిలే జిల్లాల్లో ఉండి ఈ పని చేసేవాళ్ళకి ఆ సగమే అసలు కష్టం. అందుకే ఇక్కడ యంత్రం గురించి ఎంత రాశానో ఆరబెట్టడం గురించి కూడా అంత రాశాను.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పీహెచ్‌డీకో అల్యూమినా, స్పినెల్, సిలికా లాంటి సెరామిక్ పొడుల్ని నొక్కి కాల్చి పెల్లెట్లు (బిళ్ళలు) చేసి, "ఇందులో ఒక నానోమీటర్ లోపు రంధ్రాలు ఉన్నాయా" అనే ప్రశ్న దగ్గర ఆగిపోయినవాళ్ళ కోసం ఇది.

అసలు సంగతి చిన్నగా చెప్పుకుందాం. పాజిట్రాన్ అంటే ఎలక్ట్రాన్‌కి ప్రతికణం, 1932లో కార్ల్ ఆండర్సన్ కనిపెట్టాడు. మనం వాడే సోర్స్ సోడియం-22. దాని అర్ధజీవితం 2.6 ఏళ్ళు. అది పాజిట్రాన్‌ని వదిలిన కొన్ని పికోసెకన్లకే 1275 కిలోఎలక్ట్రాన్‌వోల్ట్‌ల గామా కిరణం కూడా వదులుతుంది, అదే మనకి పుట్టుక గంట. పాజిట్రాన్ ముక్కలోకి దూరి, వేగం కోల్పోయి, ఒక ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమైనప్పుడు 511 కిలోఎలక్ట్రాన్‌వోల్ట్‌ల గామాలు రెండు వస్తాయి, అది చావు గంట. ఆ రెండు గంటల మధ్య సమయమే జీవితకాలం.

రంధ్రం ఉన్నచోట ఇంకో విశేషం జరుగుతుంది. పాజిట్రాన్ మాయమయ్యేలోపు ఒక ఎలక్ట్రాన్‌ని పట్టుకుని పాజిట్రోనియం అనే బుల్లి పరమాణువులా తయారవుతుంది. 1951లో మార్టిన్ డాయిష్ దీన్ని ప్రయోగంలో చూపించాడు. అందులో ఆర్థో రకం ఖాళీ ప్రదేశంలో 142 నానోసెకన్లు బతుకుతుంది, పారా రకం 125 పికోసెకన్లకే పోతుంది. ఆర్థో రకం ఒక రంధ్రంలో చిక్కుకుంటే గోడలకి తగులుతూ తిరుగుతుంది, తగిలినప్పుడల్లా గోడలోని ఎలక్ట్రాన్ దాన్ని ముగించే అవకాశం ఉంటుంది. ఇరుకు గదిలో బంతి వేస్తే గోడకి ఎక్కువసార్లు తగులుతుంది కదా, అలాగే రంధ్రం చిన్నదైతే తొందరగా పోతుంది, పెద్దదైతే ఎక్కువసేపు ఉంటుంది. ఈ పద్ధతి అంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది.

ఇక పనిలోకి వద్దాం. మొదట మీకు నిజంగా ఈ పద్ధతి అవసరమో కాదో చూసుకోండి. రంధ్రాలు మైక్రాన్లలో ఉంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చాలు. పాదరసాన్ని రంధ్రాల్లోకి నెట్టి కొలిచే మెర్క్యురీ పోరోసిమీటర్ దాదాపు 3 నానోమీటర్ల దాకా దిగుతుంది, నైట్రోజన్ అధిశోషణం (రంధ్రాల గోడలకి వాయువు ఎంత అంటుకుందో చూసే పద్ధతి) ఇంకా కిందికి వెళ్తుంది, కానీ ఈ రెండూ బయటి నుంచి దారి ఉన్న రంధ్రాల్నే చూస్తాయి. మన ఊళ్ళలో వేసవికి కుండ కొనేటప్పుడు చూసే ఉంటారు, కుమ్మరి తాత వేలి కణుపుతో కొట్టి ఖంగుమనే శబ్దం వినిపించి, "ఇది బాగా చెమరుస్తాది బాబూ, నీళ్ళు సల్లగుంటాయి" అంటాడు. చెమర్చేది తెరుచుకున్న రంధ్రాల వల్ల. ఆవంలో కాలేటప్పుడు మట్టిలోపల మూసుకుపోయిన రంధ్రాలు కూడా ఉంటాయి, వాటిలోకి నీళ్ళూ వెళ్ళవు, నైట్రోజనూ వెళ్ళదు. పాజిట్రాన్‌కి దారి అక్కర్లేదు, ఘనపదార్థం లోపలికే దూరిపోతుంది కాబట్టి మూసుకుపోయినవి కూడా దానికి కనపడతాయి. మీ ప్రశ్న ఆ మూసుకున్న రంధ్రాల గురించో, ఒక నానోమీటర్ లోపు వాటి గురించో అయితేనే ముందుకెళ్ళండి.

కుండ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, కుండపెంకునే మొదటి నమూనాగా తీసుకెళ్ళకండి. ఎర్రమట్టిలో ఇనుము ఉంటుంది. ఇనుము, మాంగనీస్, కోబాల్ట్ లాంటి అయాన్లు పాజిట్రోనియాన్ని తయారుకానివ్వవు, తయారైనా ఆర్థో రకాన్ని తొందరగా చంపేస్తాయి. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీస్ ఖనిజం ఉన్న నేల నుంచి తెచ్చిన మట్టితో పనిచేసేవాళ్ళు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి: రంధ్రాలు నిండా ఉన్నా సిగ్నల్ రాకపోవచ్చు. మొదటిసారి చేతికి అలవాటు కావడానికి తెల్ల సిలికా జెల్ మంచిది. మీ డెసికేటర్‌లో ఉండేదే, కానీ నీలం రంగుది వద్దు, ఆ నీలం కోబాల్ట్ క్లోరైడ్ వల్ల వచ్చింది. సన్నరంధ్రాల సిలికా జెల్‌లో రంధ్రాలు 2 నుంచి 3 నానోమీటర్లు ఉంటాయి, బాగా ఆరబెడితే పదుల నానోసెకన్ల జీవితకాలం స్పష్టంగా కనపడుతుంది. దాన్ని ఒకసారి కళ్ళారా చూశాక మీ సొంత పెల్లెట్‌లోని బలహీనమైన సిగ్నల్‌ని గుర్తుపట్టడం తేలికవుతుంది.

తర్వాత జంట తయారుచేసుకోండి. సోర్స్‌ని రెండు ముక్కల మధ్య శాండ్‌విచ్‌లా పెడతారు కాబట్టి ఒకే రకం పెల్లెట్లు రెండు కావాలి. ఒకే పొడి, ఒకే ప్రెస్ లోడు, ఒకే క్రూసిబుల్, ఒకే ఫైరింగ్. 12 మిల్లీమీటర్ల వ్యాసం, 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది, సోడియం-22 పాజిట్రాన్లు గరిష్ఠంగా 545 కిలోఎలక్ట్రాన్‌వోల్ట్‌లతో వస్తాయి కాబట్టి ఆ మందంలోనే దాదాపు అన్నీ ఆగిపోతాయి. పొడి అతుక్కోవడానికి పీవీఏ బైండర్ (జిగురు) వాడితే 500-600 డిగ్రీల దగ్గర తొందరపడకుండా కాల్చేయండి, మిగిలిపోయిన బైండర్ కూడా పాలిమరే, దాని సొంత పాజిట్రోనియం సిగ్నల్ మీ లెక్కలో కలిసిపోతుంది. ఫర్నేస్ నడిచేటప్పుడు కరెంటు పోతే ఆ బ్యాచ్ పక్కన పెట్టేయండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చాక శ్రీకాకుళం జిల్లాలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అంత దాకా ఎందుకు, మామూలు గాలివానకి గంటసేపు పోయినా సింటరింగ్ (వేడికి రేణువులు ఒకదానికొకటి అతుక్కోవడం) మారిపోతుంది. ఒక పెల్లెట్ ఆ ఫైరింగ్‌ది, ఇంకోటి వేరే ఫైరింగ్‌ది జత కలిపితే వచ్చే స్పెక్ట్రమ్ (జీవితకాలాల గ్రాఫ్) రెండింటికీ చెందదు.

నిజానికి రెండు కాదు, మూడు చేయండి. మూడోదానితో ఆర్కిమెడిస్ పద్ధతిలో సచ్ఛిద్రత (ముక్కలో రంధ్రాల వాటా) కొలుచుకోండి, ఎందుకంటే నీళ్ళలో ముంచిన ముక్కని పొడి కొలతకి పెట్టకూడదు. ఉదాహరణకి ఒక అల్యూమినా ముక్క పొడిగా 0.760 గ్రాములు, నీళ్ళు పీల్చాక 0.790, నీళ్ళలో వేలాడదీస్తే 0.540 వచ్చిందనుకుందాం. ఘనపరిమాణం 0.790 నుంచి 0.540 తీసేస్తే 0.250 ఘన సెంటీమీటర్లు. పీల్చుకున్న నీళ్ళు 0.030, అంటే తెరుచుకున్న రంధ్రాలు 12 శాతం. సాంద్రత 3.04. అల్యూమినా అసలు సాంద్రత 3.98 కాబట్టి మొత్తం ఖాళీ 23.6 శాతం, అందులో మూసుకున్నవి 11.6 శాతం. ఈ చిన్న లెక్క చేతిలో ఉంటే పాజిట్రాన్ ఫలితాన్ని దేనితో పోల్చాలో మీకు ముందే తెలుస్తుంది.

ఇప్పుడు ఆరబెట్టడం. నా మొదటి ట్రిప్పు సంగతి చెబుతాను. ఆగస్టు నెల, బయట ముసురు. పెల్లెట్లని టిష్యూ పేపర్లో చుట్టి, జిప్ కవర్‌లో పెట్టి, ఆమదాలవలస స్టేషన్‌లో హౌరా వైపు రైలెక్కాను. యంత్రం ఉన్న ల్యాబ్‌కి వెళ్ళగానే కొలిచాం. మూడో కాంపొనెంట్ (గ్రాఫ్‌ని విడదీస్తే వచ్చే జీవితకాలాల్లో మూడోది) 1.84 నానోసెకన్లు వచ్చింది, తీవ్రత, అంటే దాని వాటా, కూడా బాగుంది. లెక్క వేస్తే వ్యాసార్ధం 0.27 నానోమీటర్. ఆ రాత్రి గెస్ట్‌హౌస్‌లో కూర్చుని రిపోర్టు కూడా రాసేశాను. మర్నాడు అక్కడ పనిచేసే మన రాజాం వైపు సీనియర్ ఒకాయన గ్రాఫ్ చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఓవెన్‌లో ఎంతసేపు పెట్టావ్ తమ్ముడూ?" అని. పెట్టలేదన్నాను. "అయితే నువ్వు కొలిచింది రంధ్రాన్ని కాదు, నీళ్ళని" అన్నాడు. మామూలు నీళ్ళలో ఆర్థో పాజిట్రోనియం జీవితకాలం దాదాపు 1.8 నానోసెకన్లు. రంధ్రాల్లో తేమ నిండితే, రంధ్రం ఎంత సైజుదైనా సరే, యంత్రం ఆ అంకెనే చూపిస్తుంది. ఆ పెల్లెట్లనే రాత్రంతా వాక్యూమ్‌లో 120 డిగ్రీల దగ్గర ఉంచి మళ్ళీ కొలిస్తే 1.84 బాగా తగ్గిపోయి, మొదటిసారి జాడే లేని పొడవాటి కాంపొనెంట్ బయటపడింది. రాసిన రిపోర్టు చించేశాను.

కాబట్టి మీరు ఇలా చేయండి. పెల్లెట్లని మామూలు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర కనీసం 4 గంటలు, వాక్యూమ్ ఓవెన్ ఉంటే రాత్రంతా ఉంచండి. పాలిష్ చేసినవైతే ముందు ఆల్కహాల్‌తో కడగండి, కానీ ఆల్కహాల్ కూడా రంధ్రాల్లో నిలిచిపోతుందని మర్చిపోకండి, అదీ ఆరాలి. మైనం పెట్టి అతికించి పాలిష్ చేసే అలవాటుంటే ఈ ముక్కలకి మానేయండి. ఓవెన్ నుంచి తీశాక గదిలో చల్లారనివ్వకండి, వేడిగా ఉండగానే పట్టకారుతో డెసికేటర్‌లోకి మార్చండి, చల్లారేటప్పుడే ముక్క గాలిలోని తడిని గబగబా లాక్కుంటుంది. మిల్లీగ్రాము తూకం ఉంటే ఆరిన వెంటనే ఒకసారి, గంట గాలిలో ఉంచాక ఒకసారి తూయండి. వానాకాలంలో మన దగ్గర ఆ తేడా కళ్ళముందే పెరుగుతుంది. ప్రయాణానికి మూత గట్టిగా పట్టే గాజు సీసా, అందులో సిలికా జెల్ పొట్లం, మూత చుట్టూ పారాఫిల్మ్. అక్కడికి వెళ్ళాక మళ్ళీ ఆరబెట్టించమని ముందే అడగండి.

ఎక్కడికి వెళ్ళాలి అంటే, సోర్స్ కొనుక్కుని సొంతంగా మొదలుపెట్టే పని కాదిది. రేడియోధార్మిక సోర్స్‌కి అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు అనుమతి, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్, అందరికీ ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలు కావాలి. కోల్‌కతాలో యూజీసీ-డీఏఈ కన్సార్షియం కేంద్రం, సాహా ఇన్‌స్టిట్యూట్, వీఈసీసీ, కల్పాక్కంలో ఐజీకార్, ట్రాంబేలో బార్క్, ఈ చోట్ల పాజిట్రాన్ పని జరుగుతోంది. కోల్‌కతా ఒక వైపు, కల్పాక్కానికి దారి అయిన చెన్నై ఇంకో వైపు, మన స్టేషన్లు రెండింటి మధ్య హౌరా-చెన్నై లైను మీదే ఉన్నాయి, అది మనకి కలిసొచ్చే విషయం. మీ గైడ్ ద్వారా మెయిల్ పెట్టి, పదార్థం ఏమిటి, సాంద్రత ఎంత, ఏ ఉష్ణోగ్రతలో కాల్చారు, ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు అన్నది నాలుగు వాక్యాల్లో రాయండి. అక్కడ సోర్స్‌ని వాళ్ళే పెడతారు, మీరు ముట్టుకోకండి. సోడియం-22 ఉన్న సోడియం క్లోరైడ్ ద్రావణాన్ని ఆరబెట్టిన కాప్టన్ అనే ప్లాస్టిక్ పొర తరచుగా 7.5 మైక్రాన్లే ఉంటుంది, గోరు తగిలినా చిరుగుతుంది.

యంత్రం ముందు కూర్చున్నాక మూడు విషయాలు అడగండి.

ఒకటి, టైమ్ రేంజ్ ఎంత, అంటే గ్రాఫ్ ఎన్ని నానోసెకన్ల దాకా నడుస్తుంది అని. లోహాలు కొలిచేవాళ్ళకి 50 నానోసెకన్లు చాలా ఎక్కువ, అందుకని చాలాచోట్ల అదే పెట్టి ఉంటుంది. ఆ సమయాన్ని 4096 చానళ్ళుగా (గడులుగా) విడగొడితే ఒక్కోటి 12.2 పికోసెకన్లు. కానీ మీ రంధ్రాల్లో 30 నానోసెకన్ల జీవితకాలం ఉంటే 50 దగ్గర గ్రాఫ్ ఇంకా దిగుతూనే ఉంటుంది, ఆ తోకని సాఫ్ట్‌వేర్ బ్యాక్‌గ్రౌండ్ అనుకుని మింగేస్తుంది. ఆశించే జీవితకాలానికి కనీసం 5 రెట్లు రేంజ్ పెట్టించండి, అంటే 150 నుంచి 200. రేంజ్ పెంచితే యాదృచ్ఛికంగా కలిసే గామాల గోల కూడా పెరుగుతుంది, దానికి బలం తక్కువున్న సోర్స్ మేలు, టైమ్ మాత్రం ఎక్కువ పడుతుంది. వీలైతే రెండుసార్లు కొలవండి, చిన్న కాంపొనెంట్లకి 50తో ఒకసారి, పొడవాటిదానికి 200తో ఒకసారి.

రెండు, నమూనా గాలిలో ఉందా వాక్యూమ్‌లో ఉందా అని. గాలిలోని ఆక్సిజన్ కూడా ఆర్థో పాజిట్రోనియాన్ని తొందరగా ముగిస్తుంది, పెద్ద రంధ్రాల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. వాక్యూమ్ చాంబర్ ఉంటే అదే అడగండి.

మూడు, ఎన్ని కౌంట్లు అని. మామూలుగా స్పెక్ట్రమ్‌కి 10 లక్షలు తీస్తారు. సెకనుకి 100 కౌంట్లు వస్తుంటే దానికి 2 గంటల 47 నిమిషాలు. కానీ సెరామిక్‌లో పొడవాటి కాంపొనెంట్ తీవ్రత ఒక్క శాతమే ఉండొచ్చు, అంటే 10 లక్షల్లో మీకు పనికొచ్చేవి 10 వేలు, అవి కూడా వందల చానళ్ళలో చెదిరిపోయి ఉంటాయి. 40 లక్షలు అడగండి, రాత్రంతా నడవనివ్వండి. గది ఉష్ణోగ్రత మారితే టైమింగ్ జరుగుతుంది కాబట్టి ఏసీ ఆగకూడదు. మొత్తాన్ని ఒకే ఫైల్‌గా కాకుండా 10 లక్షల చొప్పున విడివిడిగా సేవ్ చేయించండి, మధ్యలో ఏదైనా జరిగితే ఆ ఒక్క ముక్కే పోతుంది.

మీ నమూనాకి ముందో వెనకో, బాగా తెలిసిన పదార్థం ఒకటి కొలిపించండి. స్ఫటిక సిలికాన్ మంచిది, దాని జీవితకాలం 218 పికోసెకన్లు. పాజిట్రాన్లలో 10-15 శాతం దాకా సోర్స్‌లోనే, కాప్టన్‌లోనే ముగిసిపోతాయి. కాప్టన్‌లో జీవితకాలం 382 పికోసెకన్లు. సిలికాన్ స్పెక్ట్రమ్‌తో ఆ వాటాని లెక్కగట్టి మీ నమూనా నుంచి తీసేయాలి. దీన్ని వదిలేస్తే రెండో కాంపొనెంట్ అంతా కాప్టనే అయి కూర్చుంటుంది, మీరేమో దాన్ని గ్రెయిన్ బౌండరీ (రేణువుల సరిహద్దు) అని రాసుకుంటారు.

ఫిట్టింగ్‌కి, అంటే గ్రాఫ్‌ని విడివిడి జీవితకాలాలుగా విడదీయడానికి, పాల్స్‌ఫిట్ గానీ ఎల్‌టీ గానీ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. సచ్ఛిద్ర సెరామిక్‌కి సాధారణంగా నాలుగు కాంపొనెంట్లు వస్తాయి. మొదటిది 0.1-0.2 నానోసెకన్ల దగ్గర, గట్టి పదార్థంలో ముగిసినవి. రెండోది 0.3-0.5 దగ్గర, లోపాలు, రేణువుల సరిహద్దులు. మూడోది 1 నుంచి 5 మధ్య, నానోమీటర్ లోపు రంధ్రాలు. నాలుగోది పదుల నానోసెకన్లు, పెద్ద రంధ్రాలు. మూడుతో మొదలుపెట్టండి. కై-స్క్వేర్ (ఫిట్ డేటాకి ఎంత సరిపోయిందో చెప్పే అంకె) 1కి దగ్గరగా వచ్చి, మిగులు గ్రాఫ్‌లో (డేటాకీ ఫిట్‌కీ తేడాలో) అలలు లేకపోతే అక్కడే ఆగండి. అలలు ఉంటేనే నాలుగోది కలపండి. కై-స్క్వేర్ 1.05 నుంచి 1.04కి దిగింది కదా అని ఐదోది కలిపితే, అది మీ పెల్లెట్‌లో కాదు, మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఎంత ఎదురుచూసి తెచ్చుకున్న డేటా అయినా ఈ దగ్గర మాత్రం మనసు గట్టి చేసుకోండి.

ఇక సమయాన్ని సైజుగా మార్చడం. దీనికి టావో-ఎల్డ్రప్ సూత్రం, 1972లో టావో, 1981లో ఎల్డ్రప్ బృందం ఇచ్చినది. వ్యాసార్ధం ఆర్ నానోమీటర్లు అనుకోండి. ఆర్‌ని, ఆర్ కలుపు 0.166తో భాగించండి, అది ఎక్స్. 1 నుంచి ఎక్స్ తీసేసి, 2పై-ఎక్స్ సైన్ విలువని 2పైతో భాగించి కలపండి, మొత్తాన్ని 2తో గుణించండి. 1ని దానితో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. కాలిక్యులేటర్ రేడియన్లలో ఉండాలి, ఈ పొరపాటు ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా చేస్తారు. ఆర్ 0.3 అయితే ఎక్స్ 0.644, సైన్ భాగం మైనస్ 0.125, 1 నుంచి రెండూ పోగా 0.231, దానికి రెట్టింపు 0.462, జవాబు 2.16 నానోసెకన్లు. 0.25కి 1.64, 0.4కి 3.57, 0.5కి 5.55. మనకి కావలసింది ఎదురు లెక్క కాబట్టి ఎక్సెల్‌లో గోల్ సీక్ (జవాబు ఇస్తే ఆర్‌ని వెతికిపెట్టే సాధనం) పెట్టుకుంటే సరిపోతుంది.

ఈ సూత్రం రంధ్రాన్ని గోళం అనుకుంటుంది, పైగా ఒక నానోమీటర్ వ్యాసార్ధం దాకానే నమ్మదగ్గది. అది దాటితే 142 నానోసెకన్లలో తనంతట తాను ముగిసే సంగతి కూడా కలపాలి: ఆర్ 1 అయితే పాత సూత్రం 27 ఇస్తుంది, అది కలిపితే 23 వస్తుంది. ఇంకా పెద్దవాటికి విస్తరించిన రూపాలు ఉన్నాయి, మీరు వెళ్ళిన ల్యాబ్‌లో వాడేదాన్నే వాడి, ఏది వాడారో థీసిస్‌లో రాయండి. తీవ్రతని మాత్రం రంధ్రాల సంఖ్యగా రాయకండి. ఎంత పాజిట్రోనియం తయారైందన్నది పదార్థం రసాయనం మీద కూడా ఆధారపడుతుంది, ఒకే పదార్థాన్ని వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కాల్చి పోల్చేటప్పుడే దానికి అర్థం.

టైమ్ మిగిలితే, మిగలకపోయినా అడిగి మరీ ఒక పరీక్ష చేయండి. నాకు ఈ మొత్తం పద్ధతిలో అన్నిటికంటే నచ్చేది ఇదే. పొడి జంట కొలత పూర్తయ్యాక, వాటిని డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా నానబెట్టి, పైన తుడిచి, సోర్స్ తడవకుండా మధ్యలో పొర పెట్టమని చెప్పి, ఈసారి గాలిలోనే మళ్ళీ కొలిపించండి. తెరుచుకున్న రంధ్రాల్లోకి నీళ్ళు వెళ్ళి వాటి సిగ్నల్ 1.8 వైపు జరుగుతుంది. జరగకుండా అదే చోట ఉన్న భాగం మూసుకున్న రంధ్రాలది. మొదటి ట్రిప్పులో నన్ను ముంచిన నీళ్ళే ఇక్కడ ఏ రంధ్రం ఎటువంటిదో విడదీసి చూపిస్తాయి, ఆ వాటాని మూడో ముక్క మీద చేసిన 12 శాతం, 11.6 శాతం లాంటి లెక్కతో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. తర్వాత అదే జంటని మళ్ళీ 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, మొదటి కొలతలాగే మూడోసారి పెట్టించండి. మొదటి రోజు వచ్చిన జీవితకాలమే తిరిగి వస్తే, దాన్ని నోట్‌బుక్‌లో ఇంకుతో రాసుకోండి.